రీల్స్ ఆపండి సరే, నాన్న కాల్ ఎందుకు ఆపుతున్నారు?

విడిపోయిన తల్లిదండ్రులకు సలహాలంటూ ఒక ఫార్వర్డ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పిల్లలు ఎవరి దగ్గరుంటే ఫోన్ మీద పూర్తి అధికారం వాళ్లదేనట, తప్పు చేస్తే నెల రోజులు ఫోన్ మొత్తం లాగేసుకోవాలట, రెండిళ్లలో ఒకే రూల్ లేకపోతే ఏదీ పనిచేయదట, రోజూ రాత్రి ఫోన్ చెక్ చేసి అవతలివాళ్ల మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలట. కింద దండాల ఎమోజీలు బోలెడు.

"కస్టడీ నాది, ఫోన్ నా ఇష్టం" అంటే కుదరదు. 2020 జనవరిలో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కస్టడీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. కస్టడీ దక్కనిది తల్లయినా తండ్రయినా, ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప, రోజూ 5-10 నిమిషాలు పిల్లలతో మాట్లాడే హక్కు ఉండాలంది, వీలుంటే వీడియో కాల్ అన్నిటికన్నా మేలంది. (కొట్టడాలు, బెదిరింపులు ఉన్న ఇళ్ల సంగతి వేరు.) మీ కోర్టు ఆర్డర్‌లో కాల్ టైమ్ రాసి ఉంటే, శిక్ష పేరుతో దాన్ని ఆపడం ఆర్డర్ మీరడమే.

ఇక నెల రోజులు లాక్కోవడం. మా బంధువుల్లో ఏడో తరగతి పిల్లకి మార్కులు తగ్గాయని వాళ్లమ్మ ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది, స్విచాఫ్ చేయడం మర్చిపోయింది. రాత్రి ఎనిమిదికి విశాఖ నుంచి నాన్న ఫోన్, చీరల మధ్యలోంచి మోగుతూనే ఉంది, ఈ పిల్ల కంచం ముందు కూర్చుని ముద్ద మింగకుండా బీరువా వంకే చూస్తోంది. ఆపాలనుకున్నది రీల్స్, ఆగిపోయింది నాన్న. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, అత్త మీద కోపం దుత్త మీద. రీల్స్ ఎక్కువైతే ఆ యాప్ తీసేయండి, గేమ్ అయితే గేమ్ తీసేయండి, రాత్రి తొమ్మిదికి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టించండి, కాల్ మాత్రం మీ ఫోన్ నుంచయినా మాట్లాడించండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ డాక్టర్లు రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీనే వద్దంటారు కదా, వాళ్లు కూడా బంధువులతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌ని మినహాయించారు.

రెండిళ్లలో ఒకే రూల్ ఉంటే సంతోషమే, లేకపోయినా కొంపలేం మునగవు. అమ్మమ్మ ఇంట్లో ఒకలా, ట్యూషన్‌లో ఒకలా ఉండటం పిల్లలకి బాగా తెలుసు. సోమవారం వద్దన్న ఫోన్‌ని మంగళవారం మనకి పనుందని మనమే చేతిలో పెట్టినప్పుడే తేడా కొడుతుంది. శనివారం నాన్న దగ్గర అర్ధరాత్రి దాకా ఆడి వచ్చాడా? "మీ నాన్నకి బుద్ధుందా" అనకుండా "ఇక్కడ తొమ్మిదింటికే" అంటే చాలు.

స్క్రీన్‌షాట్ల సలహా మాత్రం నాకు ఒళ్లు మండించింది. చెక్ చేస్తానని ముందే చెప్పి పిల్ల ఎదురుగా చూడటం వేరు, దొంగతనంగా తీసి లాయర్‌కి పంపడం వేరు. తెలిసిపోయిన రోజు నుంచి పిల్లలు మెసేజ్‌లు డిలీట్ చేయడం, దొంగ అకౌంట్ తెరవడం మొదలుపెడతారు, రేపు ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఫోటో పంపమని అడిగినా మీకు చెప్పరు.

అవతలివాళ్లతో మాటల్లేవంటారా, అయితే ఒక్క మెసేజ్ చాలు: "పరీక్షలయ్యేదాకా ఇన్‌స్టా తీసేశాను, ఎనిమిదింటి కాల్ మామూలే. అక్కడున్నప్పుడు నువ్వూ ఇన్‌స్టా ఇవ్వకు."