పెన్‌డ్రైవ్ విద్వాంసుడికి ఒక శాలువా

పెన్‌డ్రైవ్ అనే వాద్యానికి ఇంతవరకు ఏ అకాడమీ పురస్కారం ఇవ్వకపోవడం ఘోరమైన అన్యాయం. వీణకిచ్చారు, వేణువుకిచ్చారు, ఘటానికీ ఇచ్చారు. జేబులో పట్టేది, శ్రుతి తప్పనిది, టీ కాఫీలు అడగనిది, వాయించేవాడికి వాయించడం రాకపోయినా పలికేది లోకంలో ఇదొక్కటే. "లైవ్ కాన్సర్ట్" అని పోస్టరు పడిన ఎన్నో చోట్ల సాయంత్రాన్ని నెట్టుకొచ్చేది ఇదే. అయినా చప్పట్లన్నీ మైకు పట్టుకుని గెంతినవాడికి పోతాయి, వాద్యం మాత్రం మూత పెట్టించుకుని తిరిగి జేబులోకి పోతుంది.

ఈ వాద్యాన్ని అవమానించడంలో అగ్రతాంబూలం జాంజిబార్ ద్వీపానికి ఇవ్వాలి. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ రేవులో ఫాస్ట్ ఫెర్రీ ఎక్కితే సుమారు రెండు గంటల్లో ఆ ద్వీపంలోని స్టోన్ టౌన్ వస్తుంది. అక్కడి సముద్రపుటొడ్డున ఒమాన్ అరబ్బులు కట్టిన పాతకోటలో 2004 నుంచి ఫిబ్రవరి నెలలో సౌతి జా బుసారా అనే సంగీతోత్సవం జరుపుతున్నారు. వేదిక మీద వినిపించేది వేదిక మీదే పుట్టాలన్నది వాళ్ల పట్టుదల. అవతలి ఒడ్డున బొంగో ఫ్లేవా అనే టాంజానియా పాప్ పాటల తారలు రికార్డు వేసుకుని పెదాలు కదిపి స్టేడియాలు నింపుతుంటే, వీళ్లు ఇంకా తీగలు బిగించుకుంటూ కూర్చున్నారు. అభివృద్ధి అంటే ఏమిటో వీళ్లకి ఎవరైనా చెప్పాలి.

అరబ్బు వాసన ఉన్న ఆ తీరపు సంగీతం పేరు తారాబ్. ఒక్క తారాబ్ బృందాన్ని వేదిక ఎక్కించడానికి వీళ్లు పడే పాట్లు చూడండి. నాలుగైదు వయొలిన్లు, అకార్డియన్, ఊద్ అనే పొట్టి మెడ వీణ, కానూన్ అనే తీగల పెట్టె, నెయ్ అనే వేణువు, పెద్ద బేస్, బోంగోలు, దుంబక్ అనే డోలు, గంజీరలాంటి రికా, వెనక కోరస్, ముందు గాయని. పెద్ద బృందమైతే ఇరవై మంది దాటిపోతారు. 24 ఛానళ్ల మిక్సర్ బొటాబొటీగా సరిపోతుంది. అకార్డియన్ ఒక్కదానికే రెండు మైకులు కావాలి: కుడిచేతి మెట్ల వైపు ఒకటి, ఎడమచేతి బొత్తాల వైపు ఒకటి. ఒక్కటే పెడితే తిత్తి సాగినప్పుడల్లా సగం వాద్యం పక్క ఊరికి వెళ్లిపోయినట్టుంటుంది. ఊద్ రంధ్రానికి ఎదురుగా మైకు పెట్టారో, కింది స్వరాలు బొంయ్‌మని వేదిక మీది మానిటర్ స్పీకర్‌లోకి పోయి అక్కణ్ణుంచి కూత పెడతాయి. మైకును తీగలు ఆనే బ్రిడ్జి వైపు జరపాలి, 200 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త కోయాలి. ఆ కాలంలో ఈశాన్యపు గాలి కొడుతుంది కాబట్టి మైకులన్నిటికీ నురగ టోపీలు తొడగాలి.

కానూన్ సంగతి అసలు అడక్కండి. ఒక్కో స్వరానికి మూడేసి తీగలు, మొత్తం 78 దాకా ఉంటాయి. బ్రిడ్జి కాళ్లు నిలబడేది చెక్క మీద కాదు, తోలు మీద. చల్లటి గదిలో శ్రుతి చేసి తెచ్చి రాత్రి సముద్రపు తేమలో పెడితే ఆ తోలు మెత్తబడి బ్రిడ్జి కుంగుతుంది, 78 తీగలూ కలిసికట్టుగా దిగిపోతాయి. అందుకే వేదిక పక్కనే, ఆ గాలిలోనే మళ్లీ శ్రుతి చేయాలి. పక్కన దుంబక్ వాడు మెల్లగా దరువు ప్రాక్టీసు చేస్తుంటే, జనం ఈలలు వేస్తుంటే, చెవి తీగకి ఆనించి. చిన్న డోళ్లతో వాయించే కిదుంబక్ బృందమైతే ఇంకో తంతు. ఆ డోళ్ల తోలు తేమకి వదులైపోతుంది, మన డప్పు కాచినట్టే మంటకి చూపించి బిగించాలి. చారిత్రక కట్టడం ఆవరణలో మంట పెట్టుకోవడానికి ఎవరో ఒకరిని బతిమాలాలి. ఊదు కాలేదు, పీరు లేవలేదు అని మనం విసుక్కునే ఆ అరగంటలో ఇంత భాగోతం నడుస్తుంది.

ఇక నాగరికత వైపు చూద్దాం. మన పెన్‌డ్రైవ్ కళాకారుడు రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు, వెంట పద్నాలుగు మంది. ఒకడు తువ్వాలు మోస్తాడు, ఒకడు నీళ్లసీసా, ఇద్దరు నల్లద్దాలు పెట్టుకుని ఎవరూ రాని వైపుకి జనాన్ని నెడుతుంటారు. వాద్యం మేనేజరు తాళాలగుత్తికి వేలాడుతూ ఉంటుంది. సౌండ్ చెక్ అంటే "చెక్, చెక్, బేస్ పెంచు బ్రో". పెన్‌డ్రైవ్‌ని ప్లేయర్‌కి గుచ్చుతారు. ప్లేయర్ చదవదు. ఎందుకు చదువుతుంది? కళాకారుడి తమ్ముడు లాప్‌టాప్‌లో దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేశాడు, చాలా డీజే ప్లేయర్లకేమో ఫ్యాట్32 కావాలి. సరే, ఫోన్‌లోంచి వేద్దామంటారు. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండదు. పద్నాలుగు మందిలో ఒక్కడి దగ్గరా అడాప్టర్ ఉండదు. కానూన్ శ్రుతి చేస్తే విసుక్కున్న జనం ఇప్పుడు ఇరవై నిమిషాలు ఓపిగ్గా నిలబడి, ఒక వైరు ముక్క కోసం ఆరుగురు టార్చిలైట్లతో వెతకడాన్ని వీడియో తీసుకుంటారు.

ఎట్టకేలకు పాట మొదలవుతుంది. ముందుగా పాట చేసిన స్టూడియోవాడి పేరు ఉరుముతుంది. తర్వాత ఒక ఆడగొంతు, ఫలానా డాట్ కామ్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నందుకు మనకి ధన్యవాదాలు చెబుతుంది. కళాకారుడు తన పాటని తనే ఇంటర్నెట్లోంచి దించుకున్నాడు పాపం. అలవాటు కొద్దీ ఆ ధన్యవాదాలకి కూడా పెదాలు కదుపుతాడు. రెండో చరణంలో మైకుని జనం వైపు తిప్పి "మీరే పాడండి" అంటాడు; గొంతు మాత్రం స్పీకర్లలో యథాతథంగా మోగుతూ ఉంటుంది. పక్కన గిటారిస్టు తల ఊపుతూ సోలో దంచేస్తుంటాడు, గిటారుకి కేబుల్ లేదు. డ్రమ్మరు కంచు తాళం మీద బలంగా కొడతాడు, స్పీకర్లో ఆ క్షణాన తాళం లేదు. నడుమ ఫోన్‌కి కాల్ వస్తుంది. రింగ్‌టోన్ పది కిలోవాట్ల మీద మైదానమంతా మోగుతుంది. కళాకారుడు దానికీ ఒక స్టెప్ వేస్తాడు. చివర పాట సన్నసన్నగా తగ్గిపోతుంది, రికార్డింగ్‌లో ఫేడౌట్ పెట్టారు కదా. బతికున్న మనిషి ఫేడౌట్ ఎలా చేయాలి? ఆయన మెల్లగా వెనక్కి నడుస్తూ, నోరు చిన్నది చేసుకుంటూ, డ్రమ్ముల వెనక్కి చేరి మాయమవుతాడు. ఇలాంటి అభినయం చూడటానికి కళ్లు చాలవు.

వీళ్లలో పొదుపరులూ ఉంటారు. డబ్బిచ్చి గొంతు లేని మైనస్ ట్రాక్ చేయించుకోకుండా, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అసలు పాటలోంచి గొంతు తీసేస్తారు. కుడి ఛానల్లోంచి ఎడమది తీసివేస్తే మధ్యలో ఉన్నదంతా పోతుంది. గొంతుతో పాటు బేస్, కిక్ డ్రమ్ కూడా పోతాయి. మిగిలిన దాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక చెవికి తిన్నగా, ఇంకో చెవికి తలకిందులుగా పంపుతాయి. హెడ్‌ఫోన్లో బ్రహ్మాండంగా ఉంటుంది. బయటి వేదికల్లో చాలాచోట్ల సౌండ్ మోనోలో, అంటే రెండు ఛానళ్లూ ఒకటిగా కలిపి పెడతారు. రెండూ కలిశాయా, ఒకదాన్నొకటి తినేసి సున్నా మిగులుతుంది. కళాకారుడు గెంతుతూనే ఉంటాడు, స్పీకర్లు మౌనవ్రతం పాటిస్తాయి. తిట్లు తినేది సౌండ్ కుర్రాడు.

సంగీతం ట్రాక్ మీద, గొంతు మాత్రం నిజం అనే "హాఫ్ ప్లేబ్యాక్" వాళ్లు తమని మినహాయించమంటారు. పాడేవాళ్లని మినహాయించవచ్చు, పోస్టరు మీద బ్యాండ్ ఫొటో వేసినవాళ్లని కుదరదు. యంత్రాన్ని చేత్తో వాయించి అప్పటికప్పుడు శబ్దం పుట్టించేవాళ్ల జోలికి ఎవరూ పోవడం లేదు. వాళ్లు తప్పు చేస్తే తప్పు వినబడుతుంది. అది చాలు.

తారాబ్‌లో ఇంకో పాత జాడ్యం ఉంది, దాని పేరు తూజా. పాట మనసుకి తగిలితే ఆడవాళ్లు లేచి, తాపీగా నడుచుకుంటూ వచ్చి గాయని చేతిలో నోటు పెడతారు. ఏ చరణానికి లేచిందన్నదే అసలు కబురు. ఎదుటి వరసలో ఎవరికి ఆ చరణంలోని ఎత్తిపొడుపు తగిలిందో అందరికీ అర్థమైపోతుంది. వచ్చేవాళ్లు ఎక్కువైతే చరణం మళ్లీ తిరుగుతుంది, బృందం మొత్తం గాయని కంటిసైగ కోసం చూస్తుంది. ఈ వ్యవహారంలో పెన్‌డ్రైవ్ ఏం చేయాలి? మూడు నిమిషాల నలభై సెకన్లకి అది ఆగిపోతుంది. నోటు పట్టుకుని సగం దారిలో ఉన్న ఆవిడ ఆ నోటుని యూఎస్‌బీ పోర్టులో దోపాలా?

ఈ వెనకబాటుతనానికి వేళ్లు లోతుగానే ఉన్నాయి. 19వ శతాబ్దంలో జాంజిబార్ సుల్తాన్ బర్గాష్ ఒక వాద్యకారుణ్ణి కైరోకి పంపించి కానూన్ నేర్పించాడని చెబుతారు. పెన్‌డ్రైవ్ కొనిస్తే పోయేదానికి పడవ ఖర్చు. ఇఖ్వాని సఫా అనే తారాబ్ సంఘం 1905లో పుట్టింది, కల్చర్ మ్యూజికల్ క్లబ్ 1958లో. 1928లో సీతీ బింతి సాద్ అనే గాయని, కుండలు అమ్ముకునే ఇంట్లోంచి వచ్చిన మనిషి, తన బృందంతో సముద్రం దాటి మన బొంబాయికి వచ్చి హెచ్‌ఎంవీ కంపెనీకి గ్రామఫోన్ ప్లేట్లు ఇచ్చింది. ఆ రోజుల్లో మైనం పళ్లెం మీద సూది తిరుగుతుండగా మూడు నిమిషాల చిల్లరలో పాట మొదలై ముగియాలి. వయొలిన్ ఒక్క స్వరం తప్పినా పళ్లెం పారేసి మొదటి నుంచి పాడాలి. మన పద్యనాటకాల ప్లేట్లూ అలా ఎక్కినవే. వాళ్లు రికార్డింగ్ కూడా లైవ్‌గా చేశారు, మనం లైవ్‌ని కూడా రికార్డింగ్‌గా చేసుకున్నాం.

సీతీ పాటలు వింటూ పెరిగిన బీ కిదూదె అనే గాయని 2013లో పోవడానికి కొద్దికాలం ముందుదాకా, ఆవిడ వయసు ఎంతో ఎవరూ ఖాయంగా చెప్పలేని ఆ వయసులో, నడుముకి డోలు కట్టుకుని నిలబడి వాయిస్తూ పాడింది. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి మాత్రం గెంతుతూ పాడితే ఆయాసం వస్తుందట, అందుకే ట్రాకట. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పుట్టింది ఈ స్టోన్ టౌన్‌లోనే. ఆ పేరు చెప్పి తలుపుల ముందు ఫొటోలు దిగే పర్యాటకులు, 1985లో లైవ్ ఎయిడ్ అనే కచేరీలో ఆయన పాడింది సొంత గొంతుతోనే అన్న సంగతి గుర్తుంచుకుంటే బాగుండు.

కరెంటు లేదు, అందుకే ట్రాక్ అంటారు కొందరు. జాంజిబార్‌కి కరెంటు సముద్రం అడుగున తీగలో వస్తుంది. 2009 డిసెంబరులో అది పాడైతే మూడు నెలలు ద్వీపమంతా చీకటి. ఆ మూడు నెలల మధ్యలో పడిన 2010 ఫిబ్రవరి ఉత్సవాన్ని వాళ్లు మానలేదు. కానూన్‌కి ప్లగ్గు అక్కర్లేదు, చచ్చేది ఫోన్ చార్జింగే.

వాళ్లని ఆపగలిగింది చీకటి కాదు, డబ్బు. 2016లో నిధుల్లేక ఉత్సవం జరగలేదు. తీరం పొడుగునా రిసార్టులు, ఆ రిసార్టుల ప్రచారంలో డోలు పట్టుకున్న మనిషి బొమ్మ. ఆ డోలు వాడికి ఒక్క రాత్రి కూలి ఇచ్చే వేదికకి మాత్రం దిక్కులేదు. 2002లో మొదలైన ధౌ కంట్రీస్ మ్యూజిక్ అకాడమీ పాత కస్టమ్స్ భవనంలో పిల్లలకి కానూన్, ఊద్, వయొలిన్, డోలు నేర్పిస్తూ వచ్చింది. విదేశీ దాతలు చేయి వెనక్కి తీసుకుంటే 2019లో మూసేసే పరిస్థితి వచ్చింది. మేజర్‌కీ మైనర్‌కీ నడుమ, కీబోర్డు మెట్ల సందులో పడిపోయే ఒక స్వరం ఉంది. దాన్ని కానూన్ ఎడమ పక్కనున్న చిన్న మీటలతో పట్టుకోవడానికి ఒక పిల్లకి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లకి ఎవడూ జీతం ఇవ్వడు. తీరా నేర్చుకుని వస్తే, "నువ్వెందుకు, ట్రాక్ ఉందిగా" అంటాడు ఆర్గనైజరు. ఇదేం ఆధునికత? పదిమంది నోటికాడి కూడు లాక్కుని ఒకడి జేబులో వేయడం ఇది. టికెట్టు మీద లైవ్ అని అచ్చేసి డబ్బు తీసుకుని రికార్డు వేయడాన్ని ఏ వ్యాపారంలోనైనా మోసం అంటారు, సంగీతంలో మాత్రం షో అంటారు!

మన దగ్గర దీనికి నవ్వే అర్హత ఎవరికీ లేదు. పెళ్లి ఆర్కెస్ట్రాలో ఒకప్పుడు కీబోర్డు, ప్యాడ్స్, తబలా, గిటారు ఉండేవి. ఇప్పుడు ఇద్దరు గాయకులు, ఒక లాప్‌టాప్. ఆ తబలా ఆయన ఇప్పుడు ఏం చేస్తున్నాడని పెళ్లివారు ఎవరైనా అడిగారా? సముద్రాలు దాటిన తెలుగు సభల్లో లైవ్ అని చెప్పి, వందల డాలర్ల టికెట్టు పెట్టి పెదాలు కదిపించుకుంటే మనవాళ్లు లేచి నిలబడి ఈలలు వేశారు.

ఈసారి లైవ్ కాన్సర్ట్‌కి వెళ్లినప్పుడు పరీక్ష సులువు. పాట అయ్యాక ముందు వరసలోంచి గట్టిగా "రెండో చరణం ఒక్కటే మళ్లీ, అర శ్రుతి తగ్గించి" అని అడగండి. బృందం ఉంటే నాయకుడు వెనక్కి తిరిగి ఒక వేలు కిందికి చూపిస్తాడు, బేస్ వాడు తలూపుతాడు, కానూన్ ఆయన మీటల మీద చేయి వేసి మిమ్మల్ని మనసులో తిట్టుకుంటాడు, నాలుగు దరువుల్లో మొదలైపోతుంది. లేకపోతే మేనేజరు వేదిక మీదికొచ్చి, టైమ్ అయిపోయిందని చెప్పి తాళాలగుత్తి తీసుకుని వెళ్లిపోతాడు.