డియర్ కరికులం గారికి

రిఫరల్, అంటే ఉద్యోగంలో ఉన్నవాడు ఇంకొకణ్ని సిఫారసు చెయ్యడం, మా నెల్లూరోళ్లకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులోకి దిగి చూడండి. పోయినేడు ఉద్యోగం రొట్టె పట్టుకెళ్లి ఉద్యోగం కొట్టినవాడు ఈ ఏడు వచ్చి రొట్టె ఇస్తాడు. కావాల్సినవాడు తీసుకుంటాడు. మధ్యలో హెచ్చార్ ఉండదు, పోర్టల్ ఉండదు. ముఖ్యంగా, రొట్టె ఇచ్చేవాడు 'ముందు రెజ్యూమె పంపించు' అనడు.

మా బావ అన్నాడు.

బావంటే మేనత్త కొడుకు. బెంగళూరులో ఏదో పెద్ద కంపెనీ. నాకంటే వయసులో రెండేళ్లు పెద్ద, జీతంలో ఇరవయ్యేళ్లు పెద్ద. ఒక రాత్రి సిగ్గు విడిచి "బావా, మీ కంపెనీలో రిఫర్ చెయ్యి" అని మెసేజ్ పెట్టాను. వెంటనే ఫోన్ చేశాడు.

"దేనికిరా?"

"ఏదైనా పర్లేదు బావా."

"ఏదైనా అంటే నిన్ను ఏ గంపలో వెయ్యాలి? మా సైట్లో బోలెడు పోస్టులుండాయి. నీకు సరిపోయేది చూసి దాని జాబ్ నంబర్ పంపు. నీ గురించి రెండు ముక్కలు రాయి, నేను అట్టే కాపీ చేసి పెట్టేట్టు. రెజ్యూమె కూడా పంపు, పీడీఎఫ్‌లో."

మూడు రోజులు వెతికి డేటా అనలిస్ట్ అనే పోస్టు పట్టుకున్నాను. నంబర్ దొరికింది. రెండు ముక్కలూ రాశాను. రెజ్యూమె దగ్గర బండి ఆగిపోయింది.

నా దగ్గరున్నది నాన్న పక్కన కూర్చుని రాయించిన రెజ్యూమె. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న సంగతి, హాబీల్లో క్యారమ్స్, చివర్లో 'పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను', దాని కింద సంతకం. అచ్చం తహసీల్దార్ ఆఫీసు అర్జీ. తండ్రి పేరు తీసేద్దాం నాన్నా అంటే, "నా పేరు తీసేస్తే నువ్వెవరో వాళ్లకెట్టా తెలుస్తుందిరా?" అన్నాడు. మా మూలాపేట వరకూ అయితే ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఊరిమార్పుకు సిద్ధమని కూడా అందులో రాసుంది. దానికి నా దగ్గరున్న రుజువు ఒక్కటే. నేను పుట్టిన కందుకూరు అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరులో కలిపారు. కుర్చీలోంచి లేవకుండా జిల్లా మారినవాణ్ని.

అనుభవం కింద ఒకే వాక్యం: 'రొయ్యల గుంటలు చూసుకున్నాను.' బీటెక్ అయ్యాక రెండేళ్లు గంగపట్నం వైపు మా చిన్నాయన గుంటల మీదున్నాను మరి.

"చూసుకోవడమే అయితే కొంగలు కూడా చూసుకుంటాయి. నువ్వేం చేశావో రాయి, దాంతో ఏం మారిందో అంకెల్లో రాయి" అన్నాడు బావ.

మారడానికి ఏముంది అనుకున్నాను గానీ, కూర్చుని ఆలోచిస్తే ఉంది. చిన్నాయన మేత లెక్కలన్నీ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. వానొస్తే సగం లెక్క కారిపోయేది. నేను వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే, అంటే రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించే పళ్లెం, పైకి లాగి, ఎంత మిగిలిందో రాసుకుని, మేత మిగిలిన గుంటకు మర్నాడు తగ్గించేవాణ్ని. కిలో రొయ్యకు 1.6 కిలోల మేత పడేది ఆ పంటకు 1.4కి వచ్చింది. మేత బస్తా ధర తెలిసినవాళ్లకు ఆ తేడా విలువ చెప్పక్కర్లేదు. చిన్నాయన మాత్రం ఆ క్రెడిట్ వాతావరణానికిచ్చాడు.

విషయం కుదిరింది. ఇక్కడే బుద్ధి గడ్డి తిన్నది. ఇంత మంచి విషయాన్ని తెల్ల కాగితం మీద మామూలు అక్షరాల్లో పంపితే ఏం బాగుంటుందని, ట్రంకు రోడ్డు వైపు ఒక జిరాక్స్ షాపులో డిజైన్ చేయించాను. మూడొందలు. ఆ షాపు కుర్రాడు పెళ్లిపత్రికల నిపుణుడు. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో నేను వెయ్యని కోటు వేసుకున్న నా ఫోటో, దాని కింద భాషలకు నక్షత్రాలు: తెలుగుకు ఐదు, హిందీకి రెండు, ఇంగ్లీషుకు మూడున్నర. నా పేరు బంగారు రంగులో మెలికలు తిరుగుతూ బొమ్మగా వచ్చింది. పైన ఇంతింత అక్షరాలతో 'కరికులం విటే', అంటే రెజ్యూమెకే ఇంకో పేరు. వినాయకుడి బొమ్మ కూడా పెడతానన్నాడు, నేనే వద్దన్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

బావ రిఫర్ చేశాడు, నాకు లింకొచ్చింది. రెజ్యూమె ఎక్కించగానే ఫారం దానంతటదే నిండిపోయింది. సైన్సు ఎంత ముందుకు పోయిందో అనుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్, సబ్మిట్. ఐదు నిమిషాల్లో మెయిల్.

'డియర్ కరికులం, మా కంపెనీ మీద ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు.'

అమ్మ భుజం మీంచి చూసి, "ఎవరబ్బయ్యా ఈ కరికులం? మనోళ్ల పేరు మాదిరి లేదే" అంది.

సాయంత్రానికి బావ ఫోన్. "ఏంరా, మా టీములో అందరూ అడగతా ఉండారు, నువ్వు రిఫర్ చేసిన విటే ఏ దేశపోడని. నేను మేనమామ కొడుకని పెట్టున్నా!"

జరిగింది ఆ రాత్రి బావే చూపించాడు. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యమన్నాడు. అక్కడ ఎట్టా కనిపిస్తే దరఖాస్తులు చదివి వడపోసే ఆ ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇంచుమించు అట్టే కనిపిస్తుందట. చేశాను. నా పేరు బొమ్మ కాబట్టి అసలు రానేలేదు. మొదట దొరికిన పెద్దక్షరాలు కరికులం విటే కాబట్టి అదే పేరు, ఇంటిపేరు అయిపోయాయి. రెండు వరుసలూ కలగలిసిపోయి, 'నాలుగు గుంటల్లో తెలుగు హిందీ ఇంగ్లీషు మేత వేయించాను' అని ఒక వాక్యం తయారైంది. నక్షత్రాలు డబ్బాలుగా మారాయి. 1.6, 1.4 రెండూ పోయి క్యారమ్స్ పక్కన చేరాయి. ఎవరైనా చదివితే నేను క్యారమ్స్‌లో దిగజారుతున్నాననుకుంటారు.

నాలుగు రోజులకు ఇంకో మెయిల్. 'డియర్ కరికులం, ప్రస్తుతం మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం.' నిజం చెప్పాలంటే పెద్దగా బాధ కలగలేదు. రాలేదన్నది కరికులానికి కదా.

రెండోసారి ఒకే పేజీ, ఒకే వరుస, నల్ల అక్షరాలు. ఫోటో లేదు, నక్షత్రాలు లేవు, పెళ్లి ఊసు లేదు. పైన నా పేరు, ఫోన్, మెయిల్. ఆ వెంటనే గుంటలు, ఎక్సెల్, 1.6 నుంచి 1.4. పోస్టు ప్రకటనలో వాళ్లు 'రిపోర్టింగ్' అని వాడిన చోట, చిన్నాయనకు వారం వారం ఇచ్చిన కాగితాన్ని నేనూ రిపోర్టింగ్ అనే రాశాను. అబద్ధం కాదు, ఆయన చదవలేదంతే. నాన్న దాన్ని తిరగేసి మరగేసి "కరెంటు బిల్లు మాదిరుంది" అన్నాడు. బావ గొణుక్కుంటూనే ఇంకో పోస్టుకు రిఫర్ చేశాడు.

ఈసారి ఇంటర్వ్యూ వచ్చింది, వీడియో కాల్. పైన చొక్కా, కింద లుంగీ, వెనక గోడ మీద క్యాలెండర్ తీసేసిన మేకు. అడుగుతున్నావిడ మర్యాదస్తురాలు. చెక్ ట్రే అంటే ఏమిటని మొదలుపెట్టి, మేత తగ్గించడం వల్లే తేడా వచ్చిందని, వాతావరణం వల్ల కాదని ఎలా చెప్పగలరు అని అడిగింది. అచ్చం చిన్నాయనే. పావుగంట ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ తల ఊపుతూ రాసుకుంటోంది. గట్టెక్కానులే అనుకునేంతలో స్క్రీన్ వైపు వంగి చూసింది.

"చిన్న సందేహం. మా దగ్గర మీ మెయిల్ ఐడీతోనే ఇంకో అభ్యర్థి ఉన్నారు. కరికులం విటే అని. మీకు తెలుసా?"

ఉన్నమాట చెప్తే పోయేది. కానీ నోట్లోంచి ఊడిపడింది వేరే.

"మా బంధువండీ."

"ఆయన కూడా రొయ్యల గుంటలేనా?"

"అవునండీ. అవే గుంటలు."

ఆవిడ మైక్ మ్యూట్ చేసుకుంది. భుజాలు కదలడం మాత్రం కనిపించింది. కాసేపటికి మళ్లీ వచ్చి, వారంలో చెప్తామంది.

ఆ వారంలోనే రొట్టెల పండగ వచ్చింది. బావ సెలవు పెట్టి దిగాడు, ఐదేళ్ల కింద తీసుకున్న ఉద్యోగం రొట్టె బాకీ ఇన్నాళ్లకు తీరుస్తానని. చెరువులో ఇసకేస్తే రాలని జనం. అమ్మ చీర కొంగు తల మీద కప్పుకుని, నా పేరు చెప్పి, ఎవరో పెద్దాయన చేతిలోంచి ఉద్యోగం రొట్టె తీసుకుంది. పక్కనే నీళ్లలో నిలబడి రొట్టె పంచుతున్న బావ కేకేశాడు.

"నాది కూడా తీసుకో అత్తా, కరికులానికి!"