సహజమైనంత మాత్రాన సురక్షితం కాదు
మూలికలతో చేసిన సప్లిమెంట్లు సహజమైనవి కాబట్టి బరువు తగ్గడానికి నిశ్చింతగా వాడొచ్చని, యోగా కూడా అందుకు తోడ్పడుతుందని కొందరు అంటుంటారు. వీటిలో మొదటి మాటతో నేను ఏకీభవించలేను. ఎఫెడ్రా కూడా మొక్కే. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని అమెరికా 2004లో దాన్ని సప్లిమెంట్లలో నిషేధించింది. గ్రీన్ టీ తాగడం వేరు, దాని గాఢమైన సారాన్ని గుళికల్లో మింగడం వేరు. ఇంకా భయపెట్టేది కల్తీ. గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు, ఆ తర్వాత కూడా 'హెర్బల్' అని రాసిన డబ్బాల్లో ఎన్నోసార్లు బయటపడింది. లేబుల్ మీద దాని పేరే ఉండదు, ఇక కొనేవాళ్లకు తెలిసేదెలా? బీపీ మాత్రలు వాడే మా అక్క ఇలాంటివి మొదలుపెడతానంటే, ముందు డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపించమని పట్టుబట్టాను. యోగా టెన్షన్ తగ్గించి, అతిగా తినే అలవాటును అదుపు చేయడానికి కొంత తోడ్పడుతుందంటే మాత్రం ఒప్పుకుంటాను.