సవరణ: నలుగురిలో అందరూ కళ్లారా చూసినవాళ్లు కాదు

మొన్నటి పోస్టులో, బైబిల్లో యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తలకు పేరున్న మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ యేసు వెంట తిరిగిన శిష్యులేనని, అందుకే వాళ్ల సాక్ష్యాన్ని నమ్మొచ్చని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. మార్కు, లూకా యేసు ఎంచుకున్న పన్నెండుమంది శిష్యుల్లో లేరు. లూకా ఈ సంగతి దాచలేదు కూడా. మొదటినుంచి కళ్లారా చూసినవాళ్లు అందించినవాటిని పరిశీలించి రాస్తున్నానని తన సువార్త మొదటి నాలుగు వచనాల్లోనే చెప్పుకున్నాడు. మార్కు ప్రభువు మాటలు స్వయంగా వినలేదని, పేతురు చెప్పినవి రాశాడని 2వ శతాబ్దపు బిషప్ పపియాస్ అన్నట్టు 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాసిన చర్చి చరిత్రలో ఉంది. మిగతా రెండు సువార్తలు ఎవరు రాశారన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. లూకా నిజాయితీ మీద నా నమ్మకం అలాగే ఉంది, కానీ ఆయన్ని ప్రత్యక్ష సాక్షి అనకూడదు. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.