కత్తి మొనతో గీసిన ముఖాలు

గోడలకు చెవులుంటాయని అంటాం. క్రిస్టియన్ గేమీ వాటికి కళ్ళు పెట్టారు. ‘సీ215’ అన్న మారుపేరుతో సంతకం చేసే ఈ ఫ్రెంచ్ చిత్రకారుడు దాదాపు రెండు దశాబ్దాలుగా మనుషుల ముఖాలు వేస్తున్నారు. పారిస్‌లో, దాని శివారు పట్టణం విత్రీ-సుర్-సెన్‌లో పోస్టు డబ్బాలు, కరెంటు పెట్టెలు, పాత ఇనుప తలుపులే ఆయనకు కాన్వాసులు. సాధనాలు రెండే: బొమ్మ ఆకారంలో కన్నాలు కోసిన అట్ట, అంటే స్టెన్సిల్; ఆ కన్నాల గుండా రంగు కొట్టే స్ప్రే డబ్బా. ‘అట్ట పెట్టి రంగు కొట్టడమేగా, ఇదీ ఒక కళేనా?’ అన్న మాట ఈ పద్ధతిని ఎప్పటినుంచో వెంటాడుతోంది. ఆ మాటను మేం ఒప్పుకోం. అది అన్నవాళ్ళు అట్టను దగ్గరగా చూసి ఉండరు.

స్టెన్సిల్‌లో గీత ఉండదు, కోతే ఉంటుంది. పెన్సిల్ గీత తప్పితే చెరిపేయవచ్చు. కత్తి తప్పితే చాలాసార్లు మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఒక అట్ట మీద సున్న చుట్టి, ఆ గీత వెంబడి కోసి చూడండి. మధ్య ముక్క ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. మనిషి ముఖంలో అలాంటి సున్నలు ఎన్నో: కంటిపాపలోని మెరుపు, ముక్కుపుట చుట్టూ నీడ, పెదవి మీద తళుకు. అవి రాలిపోకుండా ప్రతి ముక్కనూ పక్కదానితో కలిపి ఉంచే సన్నని పట్టీని కోయకుండా వదలాలి. చేయి తిరగనివాళ్ళ పనిలో ఆ పట్టీలు ముఖానికి అడ్డంగా అతికించిన ముక్కల్లా కనిపిస్తాయి. గేమీ పనిలో అవే నుదుటి ముడతలు, గడ్డంలో వెంట్రుకలు, చెంప మీద పడిన వెలుతురు. అట్ట చిరగకుండా నిలబెట్టేదే ముఖానికి వయసునూ అలసటనూ ఇస్తుంది. ఏది కోయాలో తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఏది వదలాలో తెలియడమే ఇక్కడ పనితనం.

కోతకు గంటలు పడితే, రంగు కొట్టడం నిమిషాల్లో ముగుస్తుంది. ఆ నిమిషాల్లోనూ ఏమరుపాటు పనికిరాదు. డబ్బాను మరీ దగ్గర పెడితే రంగు తడిగా పడి అట్ట అంచు కిందికి పాకుతుంది. దూరం జరిపితే తుంపర చెదిరి, వెంట్రుకంత గీత మసకబారుతుంది. అట్ట గోడకు ఆనకుండా ఎక్కడ లేచి ఉంటే అక్కడ అంచు అలుక్కుపోతుంది. న్యూయార్క్‌లో పనిచేసే స్టెన్సిల్ కళాకారుడు లోగన్ హిక్స్ దారి వేరు. స్క్రీన్ ప్రింటింగ్ నుంచి వచ్చిన ఆయన ఫొటోలోని వెలుగునీడలను విడదీసి, ఒక్కో ఛాయకు ఒక్కో అట్ట కోసి, పొర మీద పొర వేస్తారు. ఒక్క పొర కాస్త పక్కకు జరిగినా బొమ్మలో వీధిదీపం ఒకచోట, దాని వెలుగు ఇంకోచోట పడుతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఇండోనేషియాలోని సులవేసి దీవి గుహల్లో గోడకు అరచేయి ఆనించి చుట్టూ రంగు ఊదిన ముద్రలున్నాయి. వాటిలో ఒకటి కనీసం 39,900 ఏళ్ళ నాటిదని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. రంగు నింపిన స్ప్రే డబ్బాను 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ తయారు చేశారు. 1981లో బ్లెక్ ల రా అనే కళాకారుడు పారిస్ గోడల మీద స్టెన్సిల్‌తో వేసిన ఎలుకల బొమ్మలతో ఫ్రాన్స్ వీధుల్లో ఈ కళకు దారి వేశారు.

గేమీ తొలినాళ్ళ నుంచీ ఎవరిని ఎంచుకున్నారన్నది మాకు ఇంకా ముఖ్యం. ఇల్లు లేనివాళ్ళు, బిచ్చగాళ్ళు, వీధి పిల్లలు. దారిన పోయేవాళ్ళు తల తిప్పుకునే ముఖాల మీద గంటల తరబడి కత్తి నడిపారు. ఒక్కో ముడతకు అంత సమయం ఇవ్వడం ఆ మనిషికిచ్చే గౌరవం. 2018లో ఫ్రాన్స్ తన మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌లో సిమోన్ వేయ్‌ను ఖననం చేసింది. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడి మంత్రి అయిన ఆమె ముఖాన్ని గేమీ పారిస్ 13వ వార్డులో పోస్టు డబ్బాల మీద వేశారు. 2019 ఫిబ్రవరిలో ఎవరో వాటిపై నాజీ స్వస్తిక గుర్తులు పూశారు. గేమీయే వెళ్ళి వాటిని బాగు చేశారు.

అనుమతి లేకుండా గోడ మీద రాస్తే, నష్టం స్వల్పమే అయినా, ఫ్రెంచ్ శిక్షాస్మృతి ప్రకారం 3,750 యూరోల దాకా జరిమానా పడవచ్చు. సొంతదారు మాట చెల్లాలన్న దాంట్లో మాకు రెండో అభిప్రాయం లేదు. అయితే గోడ ఎవరిదన్న తగవు వేరు, పనిలో కళ ఉందా లేదా అన్నది వేరు. మొదటిదాన్ని అడ్డుపెట్టి రెండోదాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

గోడ మీది బొమ్మ ఎన్నాళ్ళో ఉండదు. ఎండకు వెలుస్తుంది, వానకు పొరలూడుతుంది, సున్నం కింద పోతుంది. మిగిలేది కోసిన అట్ట. కళాకారుడి గంటలన్నీ దానిలోనే ఉన్నాయి. మ్యూజియాలు గోడ పెళ్ళలను పెకలించి తెచ్చుకోవడం మాని, ఈ అట్టలను కళాకారుల నుంచి సేకరించాలి. అంచుల్లో ఎండిన రంగుతో సహా, వెనక నుంచి వెలుతురు పడేలా వాటిని వేలాడదీయాలి. ఎక్కడ కత్తి నడిచిందో, ఎక్కడ ఆగిందో చూసేవాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.