డెకార్ట్‌ను ఇరుకున పెట్టిన ప్రశ్న

ఆత్మ ఆలోచిస్తుందే తప్ప స్థలాన్ని ఆక్రమించదని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త రెనే డెకార్ట్ అన్నాడు. అలాంటప్పుడు అది చేతినో కాలినో ఎలా కదిలించగలదు? 1643 మే నెలలో హేగ్ నుంచి ఆయనకు ఈ ప్రశ్న పంపింది ఇరవై నాలుగేళ్ల ఎలిజబెత్. బొహీమియా సింహాసనం పోయి, హాలండ్‌లో తలదాచుకుంటున్న రాజకుటుంబం ఆమెది. వస్తువు కదలాలంటే ఏదో ఒకటి దాన్ని తోయాలి, తోయాలంటే తాకాలి. ఆకారమే లేని ఆత్మ దేన్ని తాకుతుంది?

బరువు అనే గుణం దేన్నీ తాకకుండానే రాయిని కిందికి దించుతుందని అనుకుంటాం కదా, ఆత్మ దేహాన్ని కదిలించడమూ అలాగే ఊహించుకోవచ్చని డెకార్ట్ ఉదాహరణ చూపాడు. ఆమె ఊరుకోలేదు. బరువు గురించిన ఆ పాత భావన తప్పని చెప్పింది మీరే కదా, దాన్నే ఇక్కడ ఆధారంగా ఎలా తెస్తారని తిరిగి రాసింది. ఆకారం లేనిది శరీరాన్ని కదిలిస్తుందని నమ్మడం కంటే, ఆత్మకే విస్తీర్ణం (స్థలాన్ని ఆక్రమించే గుణం) ఉందని ఒప్పుకోవడం తేలికని కూడా అంది. దేహాత్మల కలయిక తర్కానికి కాక నిత్యజీవితంలో ఇంద్రియానుభవానికే తెలుస్తుందని, తాను ఇంద్రియాల సాయం లేని శుద్ధచింతనకు ఏడాదికి కొన్ని గంటలే కేటాయిస్తానని డెకార్ట్ సర్దిచెప్పాడు. నా దృష్టిలో అది జవాబు కాదు, దాటవేత.

డెకార్ట్ ఉత్తరాలు 1657 నుంచే అచ్చులోకి వచ్చాయి. తన ఉత్తరాల ప్రచురణకు ఎలిజబెత్ ఒప్పుకోకపోవడంతో అవి 1879 దాకా వెలుగు చూడలేదు. అంటే రెండు శతాబ్దాలకు పైగా పాఠకులు ప్రశ్నలు లేని జవాబులు చదివారు. అందులో ఆమె నిర్ణయం పాత్ర కూడా ఉంది కాబట్టి నేరమంతా చరిత్రకారులదే అనలేం. 1879 తర్వాత మాత్రం ఆ సాకు చెల్లదు. అయినా చాలా పాఠ్యపుస్తకాలకు ఆమె ఇప్పటికీ డెకార్ట్‌తో ఉత్తరాలు నడిపిన యువరాణి మాత్రమే.

దేహాన్ని ఆత్మ ఎలా కదిలిస్తుందన్న చిక్కును ఇంగ్లండ్‌లో ఆన్ కాన్వే అనే తత్వవేత్త మొదట్లోనే తెంచేసింది. విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు మూసి ఉన్న రోజులవి. ఆమె కేంబ్రిడ్జి పండితుడు హెన్రీ మోర్ దగ్గర ఉత్తరాల ద్వారా తత్వశాస్త్రం నేర్చుకుంది, చివరికి ఆయనతోనూ విభేదించింది. సృష్టిలో జడపదార్థమంటూ లేదనీ, దేహానికీ ఆత్మకూ ఉన్నది స్థాయీభేదమే తప్ప జాతిభేదం కాదనీ ఆమె వాదం. 1679లో మరణించిన ఆమె పుస్తకం 1690లో లాటిన్‌లో, రచయిత పేరు లేకుండా వచ్చింది. తన ఆలోచనలు ఆమె ఆలోచనలకు దగ్గరగా ఉన్నాయని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ స్వయంగా రాశాడు.

ఇలాంటివారిని ‘మహిళా తత్వవేత్తలు’ అంటూ చివరి అధ్యాయంలో చేర్చి చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు. ఎలిజబెత్ అభ్యంతరాన్ని డెకార్ట్ పాఠంలోనే, కాన్వేను లైబ్నిజ్‌కు ముందే చెప్పాలి. వాదన నడిచిన వరుస అదే.