సవరణ: ఆర్‌ఎఫ్ కనెక్టర్లన్నిటికీ బంగారు పూతే మేలు కాదు

రేడియో సిగ్నళ్లు మోసే కేబుళ్లని కలిపే లోహపు కనెక్టర్ల (ఆర్‌ఎఫ్ కనెక్టర్ల) గురించి పోయినవారం రాసిన పోస్టులో "డబ్బుకి వెనకాడకపోతే అన్నిటికీ బంగారు పూతే కొనండి, నల్లబడ్డ వెండి కనెక్టర్లు పారేయండి" అన్నాను. రెండూ తప్పే. నా మాట విని ఎవరైనా పారేసి ఉంటే మన్నించండి.

బంగారం గొప్పతనమంతా తుప్పు పట్టకపోవడంలో ఉంది. కరెంటు పారే విషయంలో అది వెండి, రాగి తర్వాతే. 1 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటు ఎక్కువగా లోహం పైపైన, సుమారు 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతులోనే పారుతుంది. చవక కనెక్టర్ల మీద బంగారం 0.1 మైక్రాన్ కూడా ఉండకపోవచ్చు. అంటే కరెంటు చాలావరకు దాని కింద సాధారణంగా వేసే నికెల్ పూతలోనే పోతుంది. నికెల్‌కి అయస్కాంత గుణం ఉంది కాబట్టి నష్టం ఎక్కువ. పైగా సెల్ టవర్ లాంటి చోట ఆ నికెల్ వల్ల బలమైన సిగ్నళ్లు రెండు కలిసి అక్కర్లేని కొత్త సిగ్నళ్లు పుడతాయి. అందుకే అక్కడి కనెక్టర్ల బాడీకి వెండి గానీ, వైట్ బ్రాంజ్ గానీ వేస్తారు. వైట్ బ్రాంజ్ అంటే రాగి, తగరం, జింకు కలిసిన పూత.

ఇక నలుపు సంగతి. నా పాత వెండి పూత ఎన్ కనెక్టర్ (మర తిప్పి బిగించే పెద్ద రకం) బయట మసిగిన్నెలా ఉంది. విప్పి చూస్తే లోపల, లోహం లోహానికి గట్టిగా ఆనే చోట, తెల్లగా మెరుస్తోంది! ఆ నల్లపొర పలచన, మెత్తన. అందుకే నల్లబడిందని కనెక్టర్ పారేయక్కర్లేదు. దాన్ని గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, వెండి పూతే పోతుంది.

మాటిమాటికీ పెట్టి తీసే ఎస్‌ఎంఏ (చిన్న రకం ఆర్‌ఎఫ్ కనెక్టర్) పిన్నుకైతే మందపాటి బంగారమే కొనండి. ఆ సలహా మార్చడం లేదు.